కిలోకు డెబ్బైనాలుగు

రంగస్వామి పాత పంచె ముక్కతో ఇనుప పట్టీని తుడుస్తున్నాడు. రెండు దిమ్మెల మీద అడ్డంగా పెట్టిన ఆ పట్టీ నడుమ తూకపు రాయి వేలాడదీస్తే కొంచెం వంగుతుంది. ఎంత వంగిందో కింద గడియారంలా ఉన్న డయల్ చెబుతుంది. కర్నూలు దగ్గరి ఆ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా ఇదే అతని పొద్దు. బేతంచెర్ల రాతిగనిలో నలిగిన చూపుడువేలికి గోరు లేదు. అందుకే డయల్‌ని మధ్యవేలితో తట్టి, ముల్లు నిలిచేదాకా చూస్తాడు. ఈ సాయంత్రంతో అతని ఉద్యోగం ముగుస్తుంది. ఆఫీసులోకి శాలువా, పూలదండ అప్పుడే వచ్చాయి.

బల్ల సొరుగు లోపల ఒక కాగితం అతికించి ఉంది. ఎప్పటి లెక్చరరో రాసిన రీడింగులు. కిలోకు డయల్ మీద డెబ్బైనాలుగు గీతలు. గంట కొట్టే వేళకు పని కాని పిల్లలు "రంగస్వామన్నా, ఎంత రాసుకోవల్ల?" అంటే నోటికి చెప్పేవాడు. ఐదో తరగతి దాటని తనను కాబోయే ఇంజనీర్లు అడుగుతుంటే లోపల ఏదో తృప్తి.

"అన్నా, నాకు అరవై ఒకటే వస్తాండాది," అంది పట్టీ దగ్గర రీడింగు తీస్తున్న హర్షిణి.

"సరిగా సూడు పాపా. డెబ్బైనాలుగు రావల్ల."

"నాలుగు తూర్లు చూసినా. పట్టీ మందం గూడా కొలిచినా. అందరూ ఆరు మిల్లీమీటర్లని రాస్తాండారు. ఆరు పాయింట్ నాలుగుండాది, అందుకే తక్కువ వంగుతాండాది."

పక్క బల్ల దగ్గర డెబ్బైనాలుగే రాసేసుకున్న జోసెఫ్ నవ్వాడు. "అన్న లెక్కనే కాదంటావా? మా అక్క గూడా అదే రాసి పాసయింది. రాసుకో మే, బస్సు పోతాది."

రంగస్వామి రాయి దించి, మళ్లీ తగిలించి, డయల్‌ని తట్టాడు. ముల్లు అరవై ఒకటి దగ్గర ఆగింది. ఇంకోసారీ అక్కడే ఆగింది.

పదకొండేళ్ల కింద పిల్లలు బరువెక్కువ వేసి పాత పట్టీని వంచేశారు. కొత్తది వర్క్‌షాపు నుంచి మోసుకొచ్చింది తనే. భుజానికి కాస్త బరువుగా అనిపించింది కూడా. పట్టీ మారింది, కాగితం మారలేదు.

అవతలి మూల భూపేష్ సార్ ఎర్ర పెన్నుతో రికార్డులు దిద్దుతున్నాడు. పోయిన వారం లెక్క కుదరలేదని ఇద్దరు పిల్లల పేజీలు కొట్టేశాడు. వాళ్లూ ముల్లు చూపిందే రాశారేమో. ఇప్పుడు ఈ పిల్లదీ కొట్టేస్తాడు. తను నోరు మూసుకుంటే సాయంత్రం దండ పడుతుంది, అంతే.

రంగస్వామి నడుచుకుంటూ వెళ్లి సార్ ముందు నిలబడ్డాడు.

"సార్, ఆ పాపది తప్పు కాదు. నేను చెప్తాండే లెక్కే తప్పు. పట్టీ మార్చినప్పట్నుంచీ."

సార్ ఎర్ర పెన్ను కింద పెట్టాడు. "ఈ మాట ఈ పొద్దే చెప్పల్లనా రంగస్వామీ?"

"రేపు నేనుండను గదా సార్."

సార్ వచ్చి తన చేత్తోనే రాయి వేలాడదీసి వంగి చూశాడు. హర్షిణి పుస్తకంలో అరవై ఒకటి పక్కన సంతకం పెట్టాడు. "జోసెఫ్, నువ్వు మళ్లీ చెయ్యి. పోయినవారం పేజీలు కొట్టేసిన ఆ ఇద్దరినీ పిలువు."

"పోతా పోతా నా బస్సు తప్పించినావు గదన్నా," అన్నాడు జోసెఫ్ రాళ్లు అందుకుంటూ.

"నడుచుకుంటా పోదాం పా, నేనూ వస్తా."

శాలువా కప్పించుకున్నాక రంగస్వామి ల్యాబుకు తిరిగొచ్చాడు. పంచె ముక్కను తడిపి సొరుగులోని కాగితాన్ని నానబెట్టి, మధ్యవేలి గోరుతో గీకి తీసేశాడు. తాళంచెవులు అప్పగించి, జోసెఫ్‌తో కలిసి గేటు దాటాడు.

సగం తెరిచిన సొరుగులో, కాగితం ఉన్న మేర, నాలుగు మూలల జిగురు మరక ఇంకా తడిగానే ఉంది.