కనిపెట్టినవారి గడి

ఆ బుధవారం ఉదయం ఆ ఇంట్లో ఐదుగురు ఉన్నారు. కిటికీ పక్క కుర్చీలో కాళ్లు చాపుకుని అత్తగారు. బల్ల దగ్గర ఆమె పెద్దకొడుకు. ప్లాస్టిక్ సామాన్లు పోతపోసే చిన్న కార్ఖానా ఆయనది; అక్కడి పనివాళ్లు ఆయనను పెద్దాయన అంటారు. ఆయన పక్కన తమ్ముడు, అదే కార్ఖానాలో అచ్చులు చెక్కేవాడు. వాళ్లకు ఎదురుగా, సంచీ నిండా కాగితాలతో వచ్చిన పేటెంటు లాయరు. మాటకొక తేదీ చెబుతుంది కాబట్టి అందరూ ఆమెను తేదీలమ్మ అంటారు. ఐదో మనిషి వంటగదిలో పాలు పొంగకుండా చూస్తోంది. ఆమె తమ్ముడి భార్య, ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి గంట కూడా కాలేదు.

బల్ల మీది కాగితాల్లో మాత్రం ఇద్దరే ఉన్నారు. అన్న, తమ్ముడు.

చూసేవారికి ఇందులో వింతేమీ కనబడదు. మగవాళ్లు కాగితాలు చూస్తున్నారు, ఇల్లాలు టీ పెడుతోంది. ఇలాంటి ఉదయాలు మనందరి ఇళ్లలోనూ ఉన్నాయి. అందుకే ఈ కథ చెప్పవలసి వస్తోంది.

ఆ కాగితాలన్నీ అరచేతిలో పట్టేంత ఒక క్లిప్పు గురించి. సెలైన్ సీసాను ఆ క్లిప్పుకున్న చేతికి తగిలిస్తారు. సీసా బరువుకు చేయి కిందికి దిగి, గొట్టం తెరుచుకుని ఉంటుంది. మందు అయిపోయి సీసా తేలికైతే చేయి పైకి లేచి గొట్టాన్ని నొక్కేస్తుంది. ఇక రోగి నెత్తురు గొట్టంలోకి ఎగదన్నడం గానీ, లోపలికి గాలి పోవడం గానీ ఉండదు.

ముప్పై నాలుగు మంచాలకు ఇద్దరు నర్సులున్న వార్డులో పుట్టిన ఆలోచన అది. ఒక మధ్యాహ్నం తమ్ముడి భార్య పదో మంచం దగ్గర ఉండగా, ఇరవై ఏడో మంచం మీది పసివాడి గొట్టం ఎర్రబడింది. వాడు బతికాడు. కానీ ఆ ఎరుపు ఆమె కళ్లలోంచి పోలేదు. ఇంటికి వచ్చి బట్టల క్లిప్పులు విరిచీ, అతికించీ, నాలుగు నెలలు తంటాలు పడింది. "దీని ప్రయోగాల పుణ్యమా అని ఉతికిన బట్టలన్నీ నేల మీదే ఆరుతున్నాయి" అని అత్తగారు పక్కింటివాళ్లతో చెప్పుకుంది. చివరికి కుదిరిన నమూనాకు భర్త అచ్చు చెక్కాడు.

దరఖాస్తు ఫారం పెద్దాయనే నింపాడు. 'కనిపెట్టినవారు' అనే గడి దగ్గర ఆయన చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. కరెంటు మీటరు ఎవరి పేరున ఉంటే ఇల్లు వాళ్లదైనట్టు, ఇంటి పెద్ద పేరు, అచ్చు చెక్కినవాడి పేరు రాస్తే సరిపోతుందనుకున్నాడు. మోసం చేస్తున్నానని ఆయనకు తోచలేదు. తోచకుండానే చేసిన అన్యాయానికి వేళ్లు ఇంకా లోతుగా ఉంటాయి.

"ప్రపంచం మొత్తానికీ ఒకేసారి వేశామన్నారుగా, మళ్లీ ఈ సంతకాలేంటమ్మా? ఒకసారి తిని నాలుగుసార్లు చెయ్యి కడుక్కున్నట్టుంది" అంది అత్తగారు.

తేదీలమ్మ నవ్వింది. "అది పేటెంటు కాదు అమ్మగారూ, వరుసలో మన చోటు పట్టి ఉంచడం. ఏ దేశం పేటెంటు ఆ దేశమే ఇవ్వాలి. మనం ఇక్కడ మొదటి దరఖాస్తు వేసిన తేదీ నుంచి ముప్పై నెలల్లోపు, కావాల్సిన దేశాల్లో విడివిడిగా వేసుకోవాలి. మీవాళ్లు నాలుగు దేశాలు అడిగారు. ఆ ముప్పై నెలలూ ఈ శుక్రవారంతో సరి."

"శనివారం వేస్తే?"

"శనివారం నుంచి మీ క్లిప్పు అక్కడ ఊరుమ్మడి సొత్తు. ఎవరైనా చేసుకోవచ్చు, ఎలాగైనా చేసుకోవచ్చు."

ఆ 'ఎలాగైనా' అన్న మాట వంటగదిలో ఉన్న మనిషికి వినబడింది. పాల మీది చూపు తిప్పి చెవి ఒగ్గింది.

తేదీలమ్మ ఇంకో కాగితం తీసింది. "అసలు చిక్కు ఇది. అంతర్జాతీయ దరఖాస్తును పరిశీలించినవాళ్లు ఒక ప్రశ్న వేశారు. బరువు తగ్గితే మూసుకునే క్లిప్పు ఇరవై ఏళ్ల కిందటే ఒకరు చేశారట. మరి దీనిలో కొత్తేమిటి అంటున్నారు. దీనికి జవాబు లేకపోతే నాలుగు దేశాల్లోనూ నోరు మూసుకుని వెనక్కి రావడమే." దరఖాస్తులోని బొమ్మను వాళ్ల వైపు తిప్పింది. "ఈ మూల ఏటవాలుగా చిన్న కొక్కెం ఉంది. రాతలో దీని ఊసే లేదు. ఇదేం చేస్తుంది?"

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "అదా... పట్టు కోసమండీ."

"దేనికి పట్టు?"

"చేతికి."

"నర్సు చేతికా, క్లిప్పు చేతికా?"

పెద్దాయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు గొణిగాడు. "దాంతో నాకు తలనొప్పేనండీ. అచ్చులోంచి తీసేటప్పుడు అడ్డం పడేది. అందుకే తీసేశాంగా అన్నయ్యా." బల్ల కింద అన్న కాలు తమ్ముడి కాలిని తొక్కింది.

వంటగదిలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నర్సు చేతిలో గిన్నె పట్టుకునే గుడ్డతోనే గదిలోకి వచ్చింది.

"తీసేశారా?"

"టీ తీసుకురామ్మా" అన్నాడు పెద్దాయన.

ఆమె ఆయన మాట విన్నట్టు లేదు. బొమ్మ మీద వేలు పెట్టింది. వార్డులో మాట్లాడేటంత తగ్గు గొంతుతో చెప్పింది. "క్లిప్పు మూసుకున్నాక ఎవరో ఒకరు సీసాను లాగుతారండీ. పిల్లాడు ఆడుకుంటూ లాగుతాడు. అయిపోయిందేమో చూద్దామని వాళ్లమ్మ లాగుతుంది. లాగితే చేయి మళ్లీ దిగుతుంది, గొట్టం తెరుచుకుంటుంది. సీసా ఖాళీ, ఇక లోపలికి పోయేది గాలే. ఈ కొక్కెం ఒకసారి మూసుకున్న చేతిని పట్టేస్తుంది. నర్సు వచ్చి వేలితో నొక్కితేనే వదులుతుంది. ఏటవాలు ఎందుకంటే, మూసుకునేటప్పుడు జారాలి, తెరుచుకునేటప్పుడు ఆగాలి."

తేదీలమ్మ కలానికి మూత పెట్టేసింది.

"ఇది కనిపెట్టింది ఎవరు?"

"మా ఇంట్లోదే కదమ్మా, ఎవరైతేనేం?" అంది అత్తగారు. "కూర ఎవరు తరిగారని అడిగి తింటామా?"

"తినేదైతే అడగక్కర్లేదు అమ్మగారూ, ఇది ప్రమాణం చేసి సంతకం పెట్టేది." తేదీలమ్మ ఇద్దరు మగవాళ్లనూ చూసింది. "దరఖాస్తు ఎవరి పేరున వేసుకున్నా, వచ్చేది ఎలా పంచుకున్నా మీ ఇష్టం. కనిపెట్టినవారి గడి మాత్రం ఇంటి పెద్దది కాదు, కార్ఖానాది కాదు. ఎవరి బుర్రలో పుట్టిందో వాళ్లది. అక్కడ అబద్ధం ఉంటే ఆ పేటెంటును రేపొకరోజు కొట్టెయ్యమని ఎవరైనా అడగొచ్చు. బొమ్మలో కొక్కెం ఉంది కాబట్టి బతికాం. బొమ్మలో కూడా లేకపోతే, ఇప్పుడు దాన్ని చేర్చడం ఎవరి తరమూ కాదు."

"మరి ఇప్పుడు దారేంటి?" అన్నాడు తమ్ముడు.

"ముగ్గురూ నిజం రాసి సంతకాలు పెట్టండి. పేరు దిద్దించడానికి దారుంది." ఆమె గొంతు తగ్గింది. "ఫారం తెచ్చిన రోజు నేనూ అడగలేదు. యంత్రం పని, మగవాళ్ల పేర్లు, సరే అనుకున్నాను. ఆడదాన్నై ఉండి ఆ తప్పు నేనూ చేశాను. రేపు ఐదింటి దాకా నా ఆఫీసులో ఉంటాను. నిజం తెలిశాక ఈ పాత ఫారాలు మాత్రం నా చేతుల మీదుగా వెళ్లవు."

ఆమె వెళ్లిపోయింది. టీ అలాగే చల్లారింది.

ఆ రోజంతా ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. గొంతు పెంచని ఇళ్లలోనే భయం ఎక్కువ. భర్త కార్ఖానాకు వెళ్లి, తొందరగా తిరిగొచ్చి, భార్యకు ఎదురుపడకుండా పెరట్లో సైకిలు తుడుచుకున్నాడు. అత్తగారు రెండుసార్లు మాత్రం, "పచ్చని సంసారం" అని గాలికి చెప్పినట్టు అంది.

గురువారం మధ్యాహ్నం పెద్దాయన, తల్లీ తమ్ముడూ ఉండగా, ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు. ఆమెను ఆయన ఎదుట కూర్చోమనడం అదే మొదటిసారి.

"అమ్మాయ్, ఆ కొక్కెం సంగతి చక్కగా చెప్పావు. అది రాయిద్దాం. కావాలంటే ఇంకో లాయరు చేత వేయిద్దాం. పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండనీ. ఇప్పుడు దిద్దామనుకో, రెండున్నరేళ్లుగా అబద్ధం చెప్పామని మనమే ఒప్పుకున్నట్టు. నువ్వు మాకు చెప్పు, మేం వాళ్లకు చెబుతాం."

"బావగారూ, కొక్కెం నిజంగా తీసేశారా?"

జవాబు భర్త చెప్పాడు. "విరుగుతోంది. పదింట్లో మూడు పోతున్నాయి. అన్నయ్య తీసెయ్యమన్నాడు. నేను తీసేశాను."

"మనతో ఒప్పందం చేసుకున్న అవతలి దేశం కార్ఖానాకు పంపిన నమూనా?"

"అదీ అలాంటిదే."

"వాళ్లు తయారుచేయడం మొదలుపెట్టారా?"

భర్త నేల చూపులు చూశాడు. "పదివేలు అయ్యాయట. సోమవారం ఆసుపత్రులకు పోతున్నాయి."

ఆమె కళ్ల ముందు తనకు తెలియని వార్డులు కదిలాయి. భాష తెలియదు, ఊరు తెలియదు. మంచాలు మాత్రం తెలుసు. ఇనుప కడ్డీకి వేలాడే ఖాళీ సీసాలు తెలుసు. వాటి వైపు చాచిన చిన్న చిన్న చేతులు తెలుసు. పదివేల క్లిప్పులంటే పదివేల మంచాలు. 'ఇది మూసుకుంటే భయం లేదు' అని నమ్మి పక్క మంచానికి వెళ్లిపోయే నర్సులు ఎంతమందో.

"ఇప్పుడే ఫోన్ చెయ్యండి. ఆపమని చెప్పండి."

"ఏమని చెప్పను?" పెద్దాయన మొదటిసారి గొంతు పెంచాడు. "కనిపెట్టినవాళ్లం మేమే, ఏం కనిపెట్టామో మాకే తెలీదు అని చెప్పనా? నవ్వుతారు. ఒప్పందం చింపి మొహాన కొడతారు. మన కార్ఖానాలో నలభై మంది పనివాళ్లున్నారు. నీ ఒక్క పేరు కోసం ఇంత రభసా?"

చదువరులారా, ఆ మాటను ఒక్కసారి ఆగి చూడండి. ఆయన దుర్మార్గుడు కాదు. కానీ ఒక మనిషి పేరు దాచినందుకు ఇప్పుడు ఒక ప్రమాదాన్ని కూడా దాచవలసి వచ్చింది. దొంగిలించిన పేరు కింద నిలబడ్డవాడు నిజం చెప్పాలనుకున్నా చెప్పలేడు.

"పేరు కోసమైతే ఇన్నాళ్లు ఊరుకునేదాన్నా బావగారూ?" అంది ఆమె. "మీరు ఫారం నింపిన సంగతి నాకు తెలుసు. చూశాను కూడా. ఎందుకులే, ఇంట్లో గొడవ అని ఊరుకున్నాను. మంచి కోడలు అనిపించుకున్నాను. నేను ఊరుకోబట్టే కొక్కెం తీసేసే రోజు అదెందుకని నన్ను ఎవరూ అడగలేదు. అది తీసేసింది మీరొక్కరే కాదు, మూసుకున్న నా నోరు కూడా."

"సరే, ఇప్పుడు ఏం చేస్తావు?" అంది అత్తగారు.

"లాయరమ్మ దగ్గరికి వెళ్తాను. జరిగింది జరిగినట్టు రాసిస్తాను. ఆ కార్ఖానాకు ఆమె చేతే ఉత్తరం పంపిస్తాను."

"వెళ్తే వెళ్లు. ఇది మాత్రం మర్యాదస్తుల ఇల్లు. కాగితాల కోసం మొగుణ్ని దొంగను చేసే ఆడది ఇందులో ఇమడదు."

గడియారం నాలుగు దాటింది. ఆమె చీర కూడా మార్చుకోలేదు. మందుల చీటీలు పెట్టుకునే చేతిసంచి తీసుకుని, వరండాలో చెప్పులు వేసుకుంది. భర్త ఆమె వెనకే గుమ్మం దాకా వచ్చాడు. అతను వస్తాడనే ఆమె అనుకుంది. పెళ్లయిన పదహారేళ్లలో అతను ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె తరఫున ఒక్క మాటా అనలేదు.

"మీరూ రండి" అంది. "అచ్చు చెక్కింది మీరు. అది కూడా ఉన్నది ఉన్నట్టు చెబుదాం. మీ పేరు ఉండాలో వద్దో ఆమే చెబుతుంది. మీ సంతకం లేకపోతే దిద్దడం కష్టం. రేపటితో గడువు అయిపోతుంది."

లోపల్నుంచి పెద్దాయన దగ్గు వినబడింది. అంతే, ఇంకేమీ లేదు. భర్త ఒకసారి వెనక్కి చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు. అతని చెయ్యి తలుపు అంచు మీద ఉంది. వేళ్ల మధ్య అచ్చు చెక్కినప్పటి పాత గాట్లు తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు కాదులే" అన్నాడు. "కొంచెం చల్లారనీ."

"సోమవారానికి చల్లారుతుందా?"

ఆమె మెట్టు దిగి, వెనక్కి తిరిగి నిలబడింది. ఆమెకు ఏడుపు రాలేదు. వార్డులో ఎవరికైనా చెడ్డ కబురు చెప్పేటప్పుడు వచ్చే గొంతు వచ్చింది.

"ఏవండీ, ఒక్క మాట వినండి. పని చేసినవాళ్ల పేరు చెరిపేస్తే పోయేది పేరొక్కటే కాదు. ఆ పని ఎందుకలా చేశారో తెలిసిన మనిషే లేకుండా పోతుంది. రేపు అది ఎవరి ప్రాణం మీదికైనా వస్తే, అడగడానికి ఎవరూ మిగలరు."

భర్త తల వంచుకుని అంతా విన్నాడు. విని, ఆమె మొహం మీదే తలుపు వేశాడు.