ఎదురుగోడ రేకు

బళ్ళో డ్రాయింగ్ చెప్పేవాణ్ణి కాబట్టి ఊరి కట్టడాల కమిటీలో నన్ను వేశారు. రంగులు తెలిసినవాడికి గోడలు కూడా తెలుస్తాయని ఎవరో పెద్దమనిషి అనుకున్నాడు. తీరా వెళ్ళి కూర్చుంటే అక్కడ రంగుల ఊసే లేదు. ఎవరి గోడ ఎవరి కంట్లో నలుసైందో వినడమే పని.

మూతల ఫ్యాక్టరీ తగువూ అలాంటిదే. డబ్బాలకు మూతలు చేసే ఆ ఫ్యాక్టరీని వీధి అంచుదాకా పెంచుకుంటానని యజమాని అర్జీ పెట్టుకున్నాడు. వీధివైపు గోడకు మెరిసే రేకు వేస్తానన్నాడు. ఇళ్ళకు ఎదురుగా ఉండే ఫ్యాక్టరీ గోడ ఇటుకదే అయి ఉండాలని మా రూలు. ఎదురింటివాళ్ళు సరేనంటే మాత్రం రేకుకు ఒప్పుకుంటాం. ఎదురిల్లు ఒక్కటే. అందులో బట్టలు కుట్టుకుని బతికేది సాక్షాత్తూ ఆయన వదిన.

ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అన్న చనిపోయిన ఏడాదే మరిది ఎదుటి ఖాళీ స్థలంలో ఇప్పుడున్న ఫ్యాక్టరీ షెడ్డు లేపాడు, వదినకు ఒక్క మాట చెప్పకుండా. ఆవిడ కుట్టుగదికి ఉన్నది ఉత్తరపు కిటికీ. ఎండ ఎలాగూ రాదు, వచ్చే కాస్త వెలుతురూ ఆ షెడ్డుతో పోయింది. అది మనసులో పెట్టుకుంది. పెట్టుకోదా మరి, కళ్ళ మీద బతికే మనిషి.

"ఆ రేకు మీద ఎండ పడి నా మొహాన కొడుతుంది. ఉన్న కళ్ళు కూడా పోతాయి," అంది కమిటీ ముందు.

"మా ఫ్యాక్టరీ అంటేనే వదినకి కంటగింపు," అన్నాడు మరిది, ఫ్యాను వైపు చూస్తూ.

ఇలా తెగనప్పుడు మా కమిటీ నమూనా పెట్టిస్తుంది. గోడ లేవాల్సిన చోట సగం రేకు, సగం ఇటుక నిలబెట్టి, తీర్పు రోజుదాకా అలాగే ఉంచాలి. చూసేవాళ్ళు చూసి తేల్చుకుంటారు. మరిది పెట్టించాడు. ఎండ కళ్ళల్లో కొడుతుందో లేదో చూసి రమ్మని నన్ను ఆవిడ ఇంటికి పంపారు.

కొట్టడం లేదు. రేకు మీద పడ్డ ఎండ మెత్తబడి, వీధి దాటి, కిటికీలోంచి గదంతా పరుచుకుంది. ఎప్పుడూ లోపలి మూల దీపం కింద ఉండే మిషను కిటికీ దగ్గరికి వచ్చింది. ఆవిడ నల్ల కోటుకు నల్ల దారంతో కాజాలు కుడుతోంది, కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని.

"మిషను జరిపారే," అన్నాను.

"గాలి కోసం," అంది.

ఆ రోజు ఆకు కదలడం లేదు.

తీర్పు రోజున అధ్యక్షురాలు ఆవిణ్ణి అడిగింది, అభ్యంతరం ఇంకా ఉందా అని. ఆవిడ చీర కొంగు సర్దుకుంది. సరేననబోతోందని నాకు అనిపించింది. ఈలోగా మరిది నోరు ఊరుకోలేదు.

"అడగడం దండగండీ. మా మాటకి వదిన ఏనాడైనా ఊ అందా?"

"ఇటుకే వెయ్యమనండి," అంది ఆవిడ.

నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఇటుక అని తీర్మానం రాసేశారు.

నమూనా పీకేశారు. గోడ లేస్తోంది. ఒక సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, ఆ అభ్యంతరం వెనక్కి తీసుకోవచ్చా?"

"తీర్మానం అయిపోయిందమ్మా. ఇంక మా చేతుల్లో లేదు. మీ మరిదినే అడగాలి."

"వాణ్ణా?" అని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఆ రేకు పీకేశాక కుట్టిన కోటు తిరిగొచ్చింది. కాజాలు వంకరపోయాయట. దీపం కింద నల్ల దారం కంటికి ఆనడం లేదు. ఇలాగే ఉంటే నా కుట్టుపని అయిపోయినట్టే."

మర్నాడు గోడ కొలవడానికి నేను వెళ్ళేసరికి ఆవిడ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉంది. మరిది బయటికి వచ్చాడు.

"ఆ రేకు ఉందా?" అంది.

"ఉంది వదినా. దేనికీ?"

"కాజాలు కనపడ్డం లేదురా."

ఎగతాళి చేస్తాడేమోనని భయపడ్డాను. చెయ్యలేదు. ఎదురుగా ఉన్న ఆ కిటికీని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"మాస్టారూ, మీ రూల్లో తలుపుల సంగతి ఏమైనా ఉందా?"

"గోడల సంగతే ఉంది," అన్నాను.

పక్కసందులో పెట్టాల్సిన సరుకు తలుపును వీధివైపుకు తెచ్చాడు, సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా. గోడంతా ఇటుక, మధ్యలో లోపలికి తెరుచుకునే నిలువెత్తు రేకు తలుపులు. కమిటీలో కొందరు గొణిగారు. రూలు పుస్తకం తెచ్చి చదవండి అన్నాను కాస్త గట్టిగానే. చదివే ఓపిక ఎవరికుంది?

మొన్న కుట్టమని చొక్కా గుడ్డ ఇవ్వడానికి వెళ్ళాను. ఆవిడ కిటికీ దగ్గర, ఆ తలుపుల మీంచి వచ్చే వెలుతురులో కుట్టుకుంటోంది. ఎదురుగా లారీ వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, గది మసకబారింది. ఆవిడ సూది కోటుకు గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎంతసేపు తెరిచి ఉంచుతాడు మీ మరిది?" అన్నాను విసుగ్గా.

"ఉండనివ్వండి మాస్టారూ," అంది. "పిల్లాడి సరుకు వెళ్తోంది."