నాలుగో ఫారం లేని పుస్తకం

సూదక్క నోరు మంచిది కాదని ప్రెస్సు వీధి మొత్తానికీ తెలుసు. పుస్తకాలు కుట్టే సూదికన్నా ఆ నోరే పదును. కానీ ఆ నోటితో తమ్ముణ్ని మాత్రం ఒక్క మాట అనదు, ఇంకొకర్ని అననివ్వదు. వాడు కవి. అంటే ఉద్యోగం లేదు, సంసారం లేదు, ఈ వారం ఒక స్నేహితుడి గది, పై వారం ఇంకొకడి వరండా. చుట్టాలంతా వాణ్ని దేశదిమ్మరి అంటారు. "తాగుతాడు, తిరుగుతాడు, ఒప్పుకుంటా. అబద్ధం మాత్రం ఆడడు. మీలో ఆ మాట అనిపించుకోగల మొనగాడెవరో రండి" అని సూదక్క ఎదురు తిరిగేది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఇరవై ఏళ్ళుగా నెగ్గుకొస్తోంది.

ఎవరూ వెయ్యని వాడి కవితలను చివరికి ఆమె మొగుడే తన చిన్న ప్రెస్సులో మూడు వందల కాపీలు వేశాడు. పదహారు పేజీలకో ఫారం చొప్పున మొత్తం ఐదు ఫారాలు. మడతపెట్టడం, కుట్టడం, అట్ట అంటించడం సూదక్క పని. తీరా చివరి కాపీ దగ్గరికొచ్చేసరికి నాలుగో ఫారం ఒకటి తక్కువైంది, మిషన్లో నలిగిపోయిందట. మిగతావి పారెయ్యడానికి చేతులు రాక, ఒకటి ఎక్కువొచ్చిన మూడో ఫారాన్నే రెండుసార్లు పెట్టి కుట్టేసింది. మరి ఈ కుంటి పుస్తకం ఎవరి మొహాన కొట్టాలి? కొనుక్కునేవాడికిస్తే పాపం. "విమర్శకుడికి పంపిద్దాం. వాళ్ళు చదివి చచ్చారు గనకనా, అట్ట చూసి రాసేస్తారు" అనుకుంది. తనే కాగితం చుట్టి, పెద్ద విమర్శకుడి చిరునామా రాసి పోస్టులో పడేసింది. చేసింది వెధవ పనే. అప్పుడు మాత్రం మహా తెలివిలా అనిపించింది.

మొదట వచ్చిన సమీక్షలు ఆమె అన్నట్టే ఉన్నాయి. ఒక పత్రిక "అచ్చు ముచ్చటగా ఉంది" అని ఊరుకుంది. ఇంకొకటి, కవితలకన్నా కవి గడ్డమే పొడుగని వెక్కిరించింది. మూడో నెలలో, పేరున్న మాసపత్రికలో, పెద్ద విమర్శకుడి శీర్షిక కింద రెండు నిండు పేజీలు వచ్చాయి. పదేళ్ళలో ఇలాంటి గొంతు వినలేదన్నాడాయన. ప్రెస్సాయన ఎగిరి గంతేశాడు. "ఈ మాటలు అట్ట మీదేసి రెండో ముద్రణ కొట్టేద్దామే!" అన్నాడు.

సూదక్క గంతెయ్యలేదు. సమీక్షలో ఎత్తి రాసిన రెండు పంక్తుల దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"నా అద్దె గదికి రెండు తాళంచెవులు,
ఒకటి నా దగ్గర, ఒకటి వాన దగ్గర."

అది యాభై ఏడో పేజీ. నాలుగో ఫారం. ఆయనకు పంపిన పుస్తకంలో ఆ పేజీయే లేదు!

అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? మర్నాడు తమ్ముడు టీ తాగడానికి వస్తే నిలబెట్టి అడిగింది.

"నీ కాపీ ఏమన్నా ఆయనకిచ్చావురా?"

"లేదక్కా. నువ్వు పంపావుగా."

"నేను పంపినదాంట్లో ఆ కవిత లేదురా. మరి ఆయన కలలోకొచ్చిందా?"

వాడి చేతిలో గ్లాసు ఆగిపోయింది. మొహంలో రంగు మారడం అక్క చూడనే చూసింది. "వదిలెయ్యక్కా" అన్నాడు.

"నువ్వే రాసుకుని ఆయన పేరు పెట్టావా?"

"లేదు."

"అయితే ఎవరు రాశారో చెప్పు."

"చెప్పలేను. నీకు దండం పెడతా, నన్నడక్కు."

ఇంకేముంది! రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలుసు. అయినా మూడో రోజు పత్రికాఫీసు మెట్లెక్కింది. ఆ సమీక్ష ఎవరు తెచ్చిచ్చారో ఒక్క ముక్క కనుక్కుని వచ్చేద్దామనుకుంది, అంతే.

"మీ తమ్ముడే తెచ్చాడమ్మా" అన్నాడు సంపాదకుడు. "రెండేళ్ళుగా ఎవరో ఒకరు తెచ్చిస్తున్నారు. పెద్దాయన చేతిరాత కూడా మారింది, వయసు కదా అనుకున్నాను. ఏం, ఎందుకడుగుతున్నారు?"

సూదక్క నోట్లో నువ్వుగింజ నానదాయె. అంతా కక్కేసింది.

సంపాదకుడు అప్పటికప్పుడు తమ్ముణ్ని పిలిపించాడు. వాడు వచ్చి, అక్క వంక చూడకుండా, "అవునండీ, నేనే రాశాను. పెద్దాయనకేమీ తెలీదు, ఆయన్ని ఇందులోకి లాగకండి" అన్నాడు. పరువు పోతుందని భయపడ్డ సంపాదకుడికి కూడా అదే నయమనిపించింది. తరవాతి సంచికలో ఒక ప్రకటన వేశాడు: ఆ సమీక్ష కవి తనకు తానే రాసుకున్నదనీ, పాఠకులు మన్నించాలనీ, ఇకమీదట అతని రచనలు ప్రచురించబోమనీ. తమ్ముడు ప్రెస్సు వైపు రావడం మానేశాడు.

ఇంటిల్లిపాది తరఫునా క్షమాపణ చెప్పుకుందామని సూదక్క ఒక మధ్యాహ్నం పత్రిక సంచిలో పెట్టుకుని పెద్ద విమర్శకుడి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన ఆయన భార్య, ఈమె ఎవరో తెలియగానే చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఆయనకు చూపు పోయి రెండేళ్ళయిందమ్మా" అంది గొంతు తగ్గించి. "పత్రికవాళ్ళకు తెలిస్తే శీర్షిక తీసేస్తారని దాచాం. ఎవరో ఒకరు వచ్చి చదువుతారు, ఆయన చెప్తే నేను రాస్తాను. మీ తమ్ముడు నాలుగు సాయంత్రాలు కూర్చుని తన కాపీ మొత్తం చదివి వినిపించాడు. మీరు పంపిన కట్ట విప్పనే లేదు. ఆ ప్రకటన నేను చూశాను. ఆయనకు చెప్పొద్దని మీవాడే నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు."

తమ్ముడు అబద్ధం ఆడడని ఇరవై ఏళ్ళు కొట్లాడిన మనిషే వాడి చేత అబద్ధం ఆడించింది. ఏడుపొచ్చింది, తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎవరది?" లోపలినుంచి పెద్దాయన గొంతు.

"కవి అక్కనండీ."

"రా తల్లీ, రా. మీవాడు నల్లపూసైపోయాడేం? ఈ నెల పత్రిక కూడా ఇంకా రాలేదంటోంది మా ఆవిడ. నీ దగ్గరుందా?"

ఆయన కుర్చీ వెనక నిలబడి భార్య రెండు చేతులూ జోడించింది. వద్దు, వద్దని తల ఊపింది. లేదంటే పెద్దాయన శీర్షిక నిలుస్తుంది, తమ్ముడు దొంగగా మిగులుతాడు. ఉందంటే తమ్ముడు నిలుస్తాడు, ఈ ముసలాయన శీర్షిక పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఉందండీ" అంది సూదక్క.

ప్రకటన అక్షరం వదలకుండా చదివింది. చాడీ మోసింది తనేనని చెప్పింది. కుంటి పుస్తకం ఎందుకు పంపిందో అదీ చెప్పింది. ఆయన తిడితే బాగుండుననుకుంది. ఆయన తిట్టలేదు.

"కాగితం తే" అన్నాడు భార్యతో.

"వద్దండీ. మీకు మిగిలింది ఆ రెండు పేజీలే కదా!"

"వాటిల్లో ఇంతవరకు నేను దొంగమాట రాయలేదే. ఇప్పుడు వాటి కోసం ఇంకొకడు దొంగయ్యాడు."

ఆవిడ కాగితం తెచ్చింది గానీ కలం పట్టలేకపోయింది. సూదక్కే తీసుకుంది. పెద్దాయన ఆగి ఆగి చెప్పాడు: "నాకు రెండేళ్ళుగా కళ్ళు కనిపించవు. ఆ సమీక్షలో ప్రతి మాటా నాది. ఆ కవి నాకు చదివి వినిపించాడు, అంతే. నా గుట్టు కాపాడడానికి తప్పు నెత్తినేసుకున్నాడు."

"సంతకం ఎక్కడమ్మా?" అని గాలిలో చెయ్యి చాపాడు.

సూదక్క ఆ చెయ్యి పట్టుకుని కాగితం మీద పెట్టింది. భార్య కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, కాగితం కదలకుండా అవతలి అంచు నొక్కి పట్టుకుంది.