వేడి చక్రాలు

కారు మామగారిది, కడుగుడు అల్లుడిది. ఆ ఇంట్లో ఏర్పాటు అలా కుదిరింది. మామగారు బ్రేకు మీద కాలు తియ్యకుండా నడిపే రకం. ఒకసారి బయటికెళ్లి వస్తే చాలు, చక్రాలకు నల్లటి పొడి దట్టంగా పట్టేస్తుంది. అల్లుడు పీట వేసుకుని, చక్రాల కోసమే విడిగా ఉంచిన బకెట్టూ బ్రష్షూ తీసుకుని, సందుసందునా రుద్దాలి.

"బోల్టుల గుంటల్లో మసి అలాగే ఉంది. చేతులతోనే కాదు, కళ్లతో కూడా కడగాలి," అంటాడు మామగారు వెనక నిలబడి.

"అంత కళ్లున్నవాళ్లు మీరే కడుక్కోవచ్చుగా," అంటాడు అల్లుడు.

ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇంట్లో గొంతు లేవనిది ఒక్క అల్లుడి భార్యదే.

చక్రాలు చల్లారాకే కడగాలన్నది ఆ వీధి మర్యాద. వేడి చక్రం మీద నీళ్లు పోస్తే, ఆ చక్రం వైపు కూర్చున్న మనిషి దారిలో అన్న మాటలు ఆవిరితో పాటు బయటికొస్తాయి. ఎవరి గుట్టు వాళ్లకుంటుంది కదా. ఎవరైనా తొందరపడి పోశారంటే పక్కింటివాళ్లే కిటికీలు మూసుకుంటారు.

అల్లుడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. రేపటికల్లా చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. పెళ్లాన్ని తీసుకుని ఈ కొంపలోంచి బయటపడాలని అతనికి ఒకటే ఆరాటం. ఆమె మాత్రం, "నాన్న గుండె బాగోలేదండీ. నేను లేనప్పుడు ఏమైనా అయితే?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆ ముసలి గుండెకు అతను శాపనార్థాలు పెట్టని రోజు లేదు.

ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్లు డాక్టరు దగ్గర్నుంచి వచ్చారు. ఆమె దిగి నేరుగా లోపలికి వెళ్లిపోయింది.

"ఏమన్నాడు?" అల్లుడు అడిగాడు.

"ఏమంటాడు, జాగ్రత్తగా ఉండమన్నాడు. నువ్వు చక్రాల సంగతి చూడు, చల్లారాక," అన్నాడు మామగారు ఎటో చూస్తూ.

అల్లుడికి ఒళ్లు మండింది. బకెట్టు నింపి, బ్రష్షుతో సహా తెచ్చి, స్టీరింగు వైపు చక్రం మీద సగం కుమ్మరించాడు. చుయ్యిమంటూ లేచిన ఆవిరిలో మామగారి గొంతు వినిపించింది.

"నా గుండె బండరాయిలా గట్టిగా ఉందన్నాడుగా డాక్టరు. సరేలే, వాడికి చెప్పను. తిట్టుకుంటే నన్నే తిట్టుకోనీ."

పక్కింటి కిటికీ మూసుకుంది.

"దొరికారు మామయ్యగారూ. ఇన్నాళ్లూ ఈ దొంగ జబ్బుతోనేనా మమ్మల్ని కట్టిపడేసింది?"

మామగారు ఎదురు తిట్టలేదు. గబగబా వచ్చి అడ్డం నిలబడ్డాడు. "నన్నేమన్నా అను, పడతాను. ఆ అవతలి వైపు చక్రం జోలికి మాత్రం పోకు."

వద్దన్నాక ఆగే మనిషైతే గొడవే లేకపోయేది. ముసలాయన్ని పక్కకి నెట్టి, మిగిలిన నీళ్లు అవతలి వైపు చక్రం మీద పోశాడు. ఈసారి వచ్చింది భార్య గొంతు.

"బాగోలేదనే చెప్పు నాన్నా. ఇక్కడైతే ఆయన కోపమంతా నీ మీద పోతోంది. అక్కడ నేనొక్కదాన్నే దొరుకుతాను."

అల్లుడికి కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది. మామగారు తల దించుకుని, కిందపడ్డ బ్రష్షు తీసి అతని చేతికివ్వకుండా తన దగ్గరే పెట్టుకున్నాడు.

ఆమె గడప దాకా వచ్చింది. తడిసిన చక్రాలు చూసింది. ఇంకా లేస్తున్న ఆవిరి చూసింది. తలుపు గట్టిగా పట్టుకుంది.

"నేను రేపు వెళ్తున్నాను," అన్నాడతను.

"నన్నూ సర్దుకోమంటారా?"

"మీ నాన్నగారికి గుండె బాగోలేదు కదా. నువ్వుండు."

ఆమె చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఆ తర్వాత తలుపు వదిలేసింది.

"పొద్దున ఎన్నింటికి లేపమంటారు?" అంది.