పీలిక కట్టిన బెండకాయ

నాగేశ్వరమ్మకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? తన తోటలో, తాను నీళ్లు పెట్టి పెంచిన బెండకాయ మీద విత్తనాల కంపెనీ కుర్రాడొచ్చి పెత్తనం చేస్తే!

పోయినేడు ఆగిరిపల్లిలో, ఆవిడ లేత మామిడి మొక్కల మధ్య ఖాళీ చూసి విత్తనం ఉచితంగా ఇచ్చింది ఈ ఫణే. ఆకులు పసుపెక్కే తెగులు తగలదన్నాడు.

"ఎలుక ఒంట్లో ఉండే ఎంజైముతో మొక్క డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు పెట్టామండీ. తెగులుకి దారిచ్చే జన్యువు నిద్రపోతుంది. తర్వాత ఎంజైముని తీసేశాం. గుర్తు మాత్రం విత్తనంతో పాటు తరతరాలకీ పోతుంది."

"ఎలుకా? హవ్వ! రేపేమన్నా గొడవొస్తే?"

"అందులో ఏమీ లేదండీ. మామూలు బెండే. అనుమతులిచ్చే ఆఫీసర్లకీ అదే చెప్పాం."

చుట్టుపక్కల చేలన్నీ పసుపెక్కినా ఈ తోట నిగనిగలాడింది. ఈ తోటకు కూలికొస్తూ పక్కనే కాస్త నేల కౌలుకు చేసుకునే జోజమ్మకు మాత్రం వరసగా రెండో పంటా పోయింది. "ఈసారి మీ విత్తనం ఇవ్వండమ్మగారూ, లేకపోతే నేల వదిలేసుకోవాల్సిందే," అని ఏడ్చింది. నాగేశ్వరమ్మ మాటిచ్చింది. ఎప్పటిలాగే మంచి కాయలు ఎంచి, పాత చీర పీలికలు కట్టి, విత్తనానికి వదిలింది. పీలిక కట్టిన కాయ జోలికి ఆ చుట్టుపక్కల ఏ కూలీ పోదు.

ఇవాళ ఫణి ఆ పీలికలు చూశాడు.

"విత్తనానికి వదలకూడదండీ! ఆ గుర్తు మా కంపెనీది. జోజమ్మా, ఇవన్నీ కోసెయ్."

"పీలిక కాయ నేను కొయ్యనండీ," అంది జోజమ్మ, కొడవలి కింద పెట్టేసి. మిగతా కూలీలూ కదల్లేదు. దాంతో తనే చాళ్లలోకి దిగాడు మహానుభావుడు. నాలుగు కాయలు తెంపేసరికి బెండ నూగు అంటుకుని చేతులు గోక్కోవడం మొదలెట్టాడు.

"ఆగవయ్యా!" అని అరిచింది నాగేశ్వరమ్మ. "ఆఫీసర్ల దగ్గరేమో అందులో ఏమీ లేదు. నేను విత్తనానికి వదిలితేనేమో అందులో నీది ఉందా? సిగ్గుండాలి!"

"అది వేరండీ, ఇది వేరు..."

"ఏంటి వేరు? నీ గుర్తు నువ్వు పీక్కుని పట్టుకుపో. నా మట్టి, నా నీళ్లు, నా చాకిరీ నాకు వదిలెయ్. పీక్కోగలవా?"

ఆవిడ కొడవలి అందుకుని ఎండిన కాయలు తనే కోసింది. ముందు జోజమ్మ కొంగులో, తర్వాత మిగతా ఆడకూలీల కొంగుల్లో పీలికలతో సహా వేసింది.

"కంపెనీ ఊరుకోదండీ! అందరి దగ్గరా వెతికిస్తాం!"

జోజమ్మ కొంగు గట్టిగా ముడేసి నడుముకు దోపుకుంది.

"ఏం వెతుకుతారు బాబూ? అందులో ఏమీ లేదంట కదా!"