గీకని డబ్బా

నేను రేకుపని చేసేవాణ్ణి. ఇందుకూరుపేట సెంటర్లో ముప్పై ఏళ్లుగా అదే కొట్టు. నా చేతి పాలక్యాను కారిందని ఎవడైనా అంటే, వాడి ఇంటికెళ్లి నీళ్లు పోసి చూపించి, నాలుగు తిట్టి వచ్చే రకం నేను. సిలార్‌కు నోరెక్కువ అంటారు. అననీ.

అరవై నాలుగులో వరికి పురుగు తగిలింది. ఒక కంపెనీ తరఫున విజయభాస్కర్ అనే సైంటిస్టు జీపులో దిగి, ఇంకా బజారులోకి రాని కొత్త మందును చెంచురామయ్య గారి పొలంలో కొట్టించాడు. పురుగు మాడిపోయింది. ఊరు ఊరంతా ఆయన్ను ఆకాశానికెత్తేసింది. కాలవ గట్టున ఖాళీ డబ్బాలు మెరుస్తుంటే నా చెయ్యి ఊరుకుంటుందా?

"సార్, ఇవి నేను తీసుకోవచ్చా?"

"తీసుకో సాహెబూ," అన్నాడు తలెత్తకుండానే.

ఐదు డబ్బాలు. మా పనిలో ఒక పద్ధతుంది. ఏ డబ్బా అయినా చింతపండు, బూడిద పెట్టి తోమి, ఎండబెట్టి, పైనున్న రంగు అక్షరాలు గీకేస్తే అది కొత్తదే. కిరసనాయిలు వాసనే పోతుంది, ఇంకేం మిగులుతుందిలే అనుకున్నాం. నాలుగు డబ్బాలతో మూడు గరాట్లూ, ఒక పాలక్యానూ చేశాను. గరాట్లు కొట్లోనే వేలాడుతున్నాయి. క్యాను మాత్రం మైపాడు చెంచమ్మ పట్టుకుపోయింది. తల్లి కాన్పులోనే పోయిన నాలుగు నెలల మనవరాలికి పాలు దాచడానికి.

ఆ మర్నాడు పొద్దున నా భార్య జైతూన్‌బీ ఐదో డబ్బా తోమి, ఆ నీళ్లు పెరట్లో పారబోసింది. కట్టు తెంచుకొచ్చిన మా మేక అందులో మూతి పెట్టింది. నేను టీ తాగి లేచేసరికి అది నురగలు కక్కుతూ కాళ్లు కొట్టుకుంటోంది.

"ఏందయ్యా ఇది! ఆ క్యాను చెంచమ్మకిచ్చినావే!" అని జైతూన్‌బీ గుండెలు బాదుకుంది.

ఇంకా గీకని ఆ డబ్బాను సైకిలుకు కట్టుకుని ముందు విజయభాస్కర్ దిగిన బంగళాకు తొక్కాను. విరుగుడు తెలిసినవాడు ఆయనొక్కడే కదా.

ఆయన అంతా విని నోటుబుక్కు తెరిచాడు.

"మేక ఎంత బరువుంటుంది? ఎన్ని నిమిషాలకు పడింది?"

"మేక సంగతి తర్వాత సార్! మైపాడులో పసిబిడ్డ ఉండాది! విరుగుడు చెప్పండి!"

"ఆవిడకు ఇప్పుడే ఏం చెప్పకు," అన్నాడు మెల్లగా. "ఈ మందు పాలల్లో కొంచెం కొంచెంగా లోపలికి పోతే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. కావాలని పెట్టి చూడలేం. దానంతటదే జరిగినప్పుడు రాసిపెట్టుకుంటే రేపు వెయ్యిమందికి పనికొస్తుంది. నేను దగ్గరుండి చూస్తాలే. అయినా క్యాను అమ్మింది నువ్వు. పోలీసులొస్తే పట్టుకునేది నిన్నే."

అబద్ధమెందుకు, భయం వేసింది. ఒక్క నిమిషం ఆ బంగళా మెట్ల మీదే నిలబడిపోయాను. జైలు కనపడింది. ఆ తర్వాత నా చేత్తో అతికిన క్యాను మూతి కనపడింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుని సైకిలెక్కాను.

మైపాడు దాకా ఎదురుగాలి. ఇంకా తాగి ఉండదు, తాగి ఉండదు అని గొణుక్కుంటూ తొక్కాను. సగం దారిలో జీపు నన్ను దాటి, మొహాన దుమ్ము కొట్టి పోయింది.

నేను చేరేసరికి విజయభాస్కర్ చెంచమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని బిడ్డ నాడి లెక్కపెడుతున్నాడు. బిడ్డ మెడ వాలిపోయి, నోటివెంట సొంగ కారుతోంది.

"సిలారన్నా, డాక్టరంట, దేవుడల్లే వచ్చినాడు," అంది చెంచమ్మ. "పొద్దున రెండు గుక్కలు తాగిందన్నా, అప్పట్నించి ఇట్టనే ఉండాది. ఇంకో గంట చూద్దామంటుండాడు."

"డాక్టరా, వాడి బొంద! క్యానులో విషముండాది చెంచమ్మా! నేనే ఇచ్చినాను. తెలీక ఇచ్చినాను. వీడు తెలిసీ కూర్చోనుండాడు. జీపెక్కు!"

రేకు కోసే కత్తెర ఎప్పుడూ నా నడుముకే ఉంటుంది. అది విజయభాస్కర్‌కు చూపిస్తే జీపు కదిలింది. సైకిలు మీది డబ్బా, వాకిట్లోని క్యాను రెండూ అప్పటికే జీపులో పడేశాను. నెల్లూరు దాకా చెంచమ్మ బిడ్డ ముక్కు దగ్గర పెట్టిన వేలు తియ్యలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కరుణాకుమారి బిడ్డ కళ్లు విప్పి చూసింది.

"ఏం మందిది? త్వరగా పేరు చెప్పండి. తెలీకుండా సూది వేస్తే ఈ పాటి ప్రాణం కూడా నిలవదు."

నేను విజయభాస్కర్ వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశాడు.

"అది కంపెనీ రహస్యం. నేను చెప్పకూడదు."

చెంచమ్మ ఆయన కాళ్ల మీద పడింది. ఆయన వెనక్కి జరిగాడు. చేత పట్టుకొచ్చిన క్యాను తిప్పి చూస్తే దాని మీద ఒక్క అక్షరం లేదు, అంతా నేనే అద్దంలా గీకేశాను. నా పనితనాన్ని నేనే తిట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది ఐదోది. జీపు దగ్గరికి పరుగెత్తి, డబ్బా తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టాను. నాకు చదువు రాదు. ఆ రంగు అక్షరాలు ఏం చెబుతున్నాయని ఏనాడూ ఎవర్నీ అడగలేదు.

డాక్టరమ్మ దాని మీదున్న మందు పేరు, విరుగుడు చదివి బిడ్డతో లోపలికి పరుగెత్తింది.

ఎంతసేపు నిలబడ్డామో తెలీదు. చెంచమ్మ నా చొక్కా వదల్లేదు. లోపల చప్పుడు లేదు. యా అల్లా, నా చేతులు తీసుకో, ఆ బిడ్డనియ్యి అనుకున్నాను. చివరికి బిడ్డ ఏడ్చింది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. నేను గోడకు ఆనుకుని సిగ్గులేకుండా బోరున ఏడ్చాను.

విజయభాస్కర్ గడియారం చూసుకుని నోటుబుక్కు తెరిచాడు.

"పొద్దున పాలు ఎన్ని గంటలకు పట్టావమ్మా? సరిగ్గా చెప్పు."

చెంచమ్మ వంగి నా కాలి చెప్పు తీసుకుంది.