చప్పట్ల మాస్టారు

మా బడిలో లెక్కల మాస్టారిని అందరూ చప్పట్ల మాస్టారంటారు. పిల్లలకు ఆయనంటే ప్రాణం. నాకు ఆయన మాటెత్తితేనే ఒళ్ళు మండుతుంది. నేను ఆ బడిలోనే సైన్సు టీచర్ని. మా అక్క కూతురు ఆయన దగ్గర ఆరో తరగతి చదువుతోంది.

ఎవరు బోర్డు దగ్గరికొచ్చి ఏం రాసినా తరగతంతా చప్పట్లు కొట్టాలి, అదీ ఆయన పద్ధతి. మనసు నొచ్చుకుంటే పిల్లలకు చదువు అబ్బదని ఏదో శిక్షణలో చెప్పారట. అందుకని తప్పు అనే మాటే ఆయన నోట రాదు. ఒకరోజు సుద్దముక్కల కోసం వెళ్ళి గుమ్మంలో ఆగాను. సగానికి మూడోవంతు కలపమంటే, మా పిల్ల పైఅంకెలు పైఅంకెలూ, కిందివి కిందివీ కూడేసి అయిదింట రెండు వంతులని రాసింది.

"భలే! ఎంత ధైర్యంగా రాశావురా తల్లీ!" అన్నారాయన. గది దద్దరిల్లిపోయింది. దాని మొహం వెలిగిపోయింది. తర్వాత వచ్చినవాడూ అలాగే కూడాడు, వాడికీ అదే మర్యాద.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "అది తప్పు కదండీ, దిద్దరేం?"

"మీరు మార్కులు చూస్తారు టీచర్, నేను మనసులు చూస్తాను" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వుకే బడంతా పడి చస్తుంది. నేనేమో గయ్యాళిని.

బావ పోయాక అక్కకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. పిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళలేక నలిగిపోతోంది. హాస్టలున్న పెద్ద బడిలో సీటొస్తే చాలని ప్రవేశ పరీక్ష రాయించింది. పిల్ల గెంతుకుంటూ బయటికొచ్చి, "అన్నీ రాసేశాను పిన్నీ!" అంది. సీటు రాలేదు. లెక్కల్లోనే పోయింది.

వచ్చే ఏడాది మళ్ళీ రాయొచ్చన్నారు. ఆ సాయంత్రమే దాన్ని కూర్చోబెట్టి లెక్క ఇచ్చాను. మళ్ళీ అలాగే కూడింది.

"ఇది తప్పమ్మా. ఎలాగో చూపిస్తాను, ఇలా రా" అన్నాను. అంత మెత్తగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

అది పెన్సిల్ కింద పెట్టేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"నేనంటే నీకెందుకు ఇష్టం లేదు పిన్నీ?"

ఎంత బుజ్జగించినా మళ్ళీ పెన్సిల్ పట్టలేదు. మర్నాడు అక్క దాన్ని ట్యూషన్‌లో చేర్పించింది, చప్పట్ల మాస్టారి దగ్గర. "పోనీలేవే, అక్కడైతే సంతోషంగా చదువుకుంటుంది" అంది. వచ్చే ఏడాది పరీక్షకు ఆయనే తయారు చేస్తారట.